మా పేర్ల మీద తిరిగిన మనిషి

ప్రవీణ్ ఫోన్ చేసేసరికి నేను ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మా పాప స్విమ్మింగ్ క్లాసు బయట కార్లో కూర్చుని ఉన్నాను. ప్రవీణ్ మెల్‌బోర్న్‌లో నాతోపాటు చదువుకున్న కరీంనగర్ అబ్బాయి. ఇప్పుడు ఆ ఊరి శివారు టార్నీట్‌లో సొంత ఇల్లు, ఇద్దరు పిల్లలు. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, అన్న పోయిండక్కా."

ఏ అన్న అని అడగక్కర్లేదు. మా బ్యాచ్‌కంతటికీ అన్న అంటే ఒక్కడే. గుండెపోటట, ఇంట్లోనేనట. అయ్యో అన్నాను. ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు.

"శనివారం హాల్‌ల సంతాపసభ పెట్టినం. నువ్వు మంచిగ రాస్తవ్ గద, అన్న గురించి రెండు ముక్కలు రాసియ్యక్కా. ఫొటోలతోని స్క్రీన్ మీద ఏస్తం."

నాకు ముందు గుర్తుకొచ్చింది ఆయన మొహం కాదు, ఆయన సాక్సులు. మెల్‌బోర్న్ చలికాలంలో ఏ బీచ్‌కి వెళ్ళినా, ఏ జలపాతం దగ్గరికి వెళ్ళినా ఈ మనిషి బూట్లు తడుపుకోకుండా వచ్చేవాడు కాదు. కారెక్కగానే ఆ తడి సాక్సులు రెండూ విప్పి, డాష్‌బోర్డు మీద వేడిగాలి వచ్చే కంతలకి తగిలించేవాడు. హీటర్ ఫుల్లుగా తిప్పేవాడు. ఆ గాలి సాక్సుల్లోంచి వడగట్టుకుని వెనక సీట్లలో మా ముక్కుల్లోకి వచ్చేది. కిటికీ దించామా, "చలి చెల్లెమ్మా, జలుబు చేస్తుంది" అంటూ తన వైపు బటన్ నొక్కి ఎక్కించేసేవాడు. ఇంటికెళ్ళి తలంటుకుంటే తప్ప ఆ వాసన వదిలేది కాదు. ఛీ, ఇన్నేళ్ళయినా రాస్తుంటే ముక్కు మూసుకోవాలనిపిస్తోంది.

"ఏం రాయమంటావురా? సాక్సుల గురించి రాయనా?" అన్నాను.

"గట్లనకక్కా. మనిషి పోయిండు. మనందరికి ఆస్ట్రేలియా సూపెట్టిన మనిషి."

చూపించాడు, కాదనను. వీకెండ్ వస్తే యూనివర్సిటీకి సెలవు, చేసే పార్ట్‌టైం పనులకి కూడా ఒక్కోసారి సెలవు. పిల్లలందరం గదుల్లో ముడుచుకుని పడుకుని ఇంటికి వీడియో కాల్స్ చేసుకుంటుంటే, ఆయన వచ్చి తలుపులు బాది లేపేవాడు. "ఇంత దూరం వచ్చి గోడలు చూస్తారేంట్రా, లేవండి" అనేవాడు. ఆయనే లేకపోతే నేను ఈ దేశంలో సముద్రం చూడ్డానికి ఇంకో రెండేళ్ళు పట్టేది. పెంగ్విన్లు గుంపుగా ఒడ్డెక్కడం చూపించాడు. యూకలిప్టస్ కొమ్మల్లో నిద్రపోయే కోలాలని ఎక్కడ వెతకాలో చూపించాడు. ఆ అందమంతా ఆయన సాక్సుల వాసనతో కలిసిపోయి నా బుర్రలో ఉండిపోవడమే నాకు వచ్చిన బాధ.

ఆయన మాకంటే చాలా సీనియర్. చదువు ఎప్పుడో అయిపోయింది, ఇక్కడే స్థిరపడే పీఆర్ కూడా వచ్చేసింది, అయినా స్టూడెంట్లని వదిలేవాడు కాదు. తన ఈడు వాళ్ళెవరూ ఆయనతో ఎక్కడికీ వెళ్ళేవారు కాదని నేను చాలా ఆలస్యంగా గమనించాను. టార్నీట్ స్టేషన్‌లో దిగే కొత్త మొహాలని సూట్‌కేసులకి చుట్టిన తాళ్ళని బట్టి గుర్తుపట్టేవాడు. "ఏ ఊరమ్మా? అబ్బో, మా చిన్నాన్న వాళ్ళది అక్కడే!" ఏ ఊరు చెప్పినా ఆయన చిన్నాన్న అక్కడే ఉండేవాడు.

కారులో ఒక పెద్ద నీళ్ళ సీసా ఉండేది, అందరికీ అదే. మేం ఎత్తి పోసుకునేవాళ్ళం. ఆయన మూతి పెట్టి, బుగ్గలు ఆడించి, గుటకలేసి, "తాగు చెల్లెమ్మా" అని మనకి ఇచ్చేవాడు. ఎంగిలి అన్నా అని ఒకసారి అన్నాను. "అన్నాచెల్లెళ్ళ మధ్య ఎంగిలేంటి తల్లీ, పల్లెటూరిదానిలా" అని కారంతా వినపడేట్టు నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత నా సీసా నేను తెచ్చుకుంటే దాన్ని కూడా తీసుకుని తాగేవాడు.

ముద్దల సంగతి ఇంకో ఘోరం. పిక్నిక్ బల్ల దగ్గర పెద్ద బేసిన్లో పులిహోర, ఇంకో దాంట్లో పెరుగన్నం. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపి, ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టేవాడు. "అన్న అచ్చం అమ్మలెక్క పెడతడు" అని ప్రవీణ్ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, ఇంటి మీద బెంగ వాడికి. నేను ఆ చెయ్యి అంతకుముందు ఎక్కడుందో చూసేదాన్ని. కాలి వేళ్ళ సందుల్లో ఉండేది. అక్కడ గోక్కుని, వేళ్ళు వాసన చూసుకుని, ప్యాంటుకి తుడుచుకుని బేసిన్లో పెట్టేవాడు. నాకు ఉపవాసమని చెప్పి అరటిపండు తినేదాన్ని. వారంలో అన్ని వారాలూ నాకు ఉపవాసమే అయ్యాయి ఆయన పుణ్యమా అని.

సరే, ఇవన్నీ ఒంటి మురికి. కడుక్కుంటే పోతాయి. నాకు అసలు రోత పుట్టించింది ఆయన బుకింగుల పద్ధతి.

ఏ ట్రిప్పుకైనా కారు, గది ఆయన పేరు మీద ఉండేవి కావు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకరిని ఎంచుకునేవాడు. "బుకింగ్ నీ పేరు మీద పెట్టమ్మా, ఈ దేశంలో నీకంటూ ఒక రికార్డు ఏర్పడుతుంది. రేపు ఇల్లు అద్దెకి కావాలన్నా పనికొస్తుంది" అనేవాడు. ఎంత దయో! కొత్తపిల్లలు పొంగిపోయి కార్డు, లైసెన్సు ఇచ్చేసేవారు. బండి మాత్రం ఆయనే నడిపేవాడు, ఒప్పందంలో ఆయన ఊసు ఉండదు. ఇద్దరికని తీసుకున్న గదిలోకి ఏడుగురం దూరేవాళ్ళం. రిసెప్షన్ కిటికీ ముందు నుంచి వంగి నడవాలి. మంచం మాత్రం ఆయనది, నడుం నొప్పి కదా. మేమంతా కార్పెట్ మీద వరసగా.

ఒకసారి ఏదో సముద్రపు ఊళ్ళో మోటెల్ బాత్రూంలో రైస్ కుక్కర్‌తో చికెన్ కూర వండాడు. పైన పొగ కనిపెట్టే డబ్బాకి షవర్ టోపీ తొడిగాడు. గదిలో ఉన్న డబ్బాని మరిచిపోయాడు. అలారం మోగి, మోటెల్‌లో ఉన్న ముసలివాళ్ళంతా దుప్పట్లు కప్పుకుని పార్కింగ్‌లోకి వచ్చి నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చింది. అన్న గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. యజమానురాలు అరుస్తుంటే, గది ఎవరి పేరు మీదుందో ఆ అనంతపురం పిల్ల భుజం మీద చెయ్యేసి, "సారీ మేడం, కొత్తపిల్లలు, వీళ్ళకి ఇక్కడి పద్ధతులు తెలియవు" అని ఇంగ్లీషులో ఎంతో నొచ్చుకుంటూ చెప్పాడు. ఆ గరిటె వెనక్కి దాచుకున్నాడు. ఆ పిల్ల ఏడుస్తుంటే తర్వాత మాతో, "అనుభవం రావాలి, ఏడవనివ్వండి" అన్నాడు. అంతా చల్లారాక ఆ కూర కూడా తిన్నాడు, తృప్తిగా.

ఇంకోసారి లాంగ్ వీకెండ్‌కి హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాడు. సిడ్నీ దగ్గరిదాకా పగలంతా డ్రైవింగ్. గుడి ముందు అద్దె కారుకి వాహన పూజ చేయించాలన్నాడు. "అద్దె బండి కదన్నా" అంటే, "మనం ఎక్కాక మన బండే" అన్నాడు. పసుపు ముద్దగా కలిపి తెల్లటి బానెట్ మీద ఇంత పెద్ద స్వస్తిక్ తనే దిద్దాడు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. పూజారిగారు ఎవరి పేరు మీద అని అడిగితే మాత్రం టక్కున తన గోత్రం, తన పేరు, తన పెళ్ళాం పేరు, తన పిల్లల పేర్లు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఎండకి ఆ పసుపు పెయింట్‌లోకి పట్టేసింది. ఎంత రుద్దినా పోలేదు. కారు తిరిగిచ్చేటప్పుడు అన్నకి ఏదో అర్జెంటు పని పడింది. ఎవరి లైసెన్సు మీద కారు తీసుకున్నామో ఆ నెల్లూరు అబ్బాయి ఒక్కడే వెళ్ళి మాటలు పడ్డాడు. ఆ కంపెనీ వాడికి మళ్ళీ బండి ఇవ్వలేదు.

ఇవన్నీ ప్రవీణ్‌కి గుర్తుచేశాను. "పరేషాన్ చేసేటోడు గని మనసు మంచిదక్కా" అన్నాడు.

"నీ చెయ్యి విరిగింది ఎవరివల్లరా?"

"అది ఎప్పటి ముచ్చట. అతికింది గద."

ఏం చెప్పాలి వీడికి? మెకానిక్ బాగుచేసిచ్చిన బండి గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. నాకు అన్న మీద కంటే ఆ క్షణంలో మా అందరి మీదా ఎక్కువ రోత పుట్టింది. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక లావణ్య గుర్తొచ్చింది.

లావణ్యది నరసరావుపేట. నాన్నకి ఎరువుల కొట్టు. నర్సింగ్ చివరి సంవత్సరం చదివేది, నా గదిలోనే ఉండేది. పెద్దగా మాట్లాడేది కాదు. పొద్దున్నే లేచి రోగుల చేతుల్లో సూది ఎలా గుచ్చాలో నారింజపండు మీద సాధన చేసుకునేది. వాళ్ళ నాన్నంటే ఆ పిల్లకి ప్రాణం, భయం కూడా అంతే. పంపించేటప్పుడే ఆయన ఒక మాట అన్నాడట: "పేరు పోగొట్టుకోబాక. మిగతాది నేను చూసుకుంటా." గ్రూప్ ఫొటోలో అబ్బాయి పక్కన నిలబడితే కూడా వాళ్ళ నాన్న ఎవరని అడిగేవాడు. అందుకని మాతో ఎక్కడికీ వచ్చేది కాదు. ఆ చలికాలం పరీక్షలయ్యాక నేనే రమ్మన్నాను. గుడికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చింది. కొత్తగా లైసెన్సు తీసుకుంది కాబట్టి కారు, గది రెండూ ఆమె పేరు మీదే తీయించాడు అన్న. వద్దని నేను అడ్డం పడితే, "నీకు నా మీద ఏడుపెందుకమ్మా?" అన్నాడు. లావణ్య పోనీలే అక్కా అని ఇచ్చేసింది.

హాల్స్ గ్యాప్ కొండల్లో ఒక రాత్రి ఉన్నాం. నెల్లూరు అబ్బాయి, అనంతపురం పిల్ల కూడా ఉన్నారు. ఎప్పటిలాగే ఏడుగురం, ఒకటే గది. పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి అన్న మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. నిద్రపోతున్నవాళ్ళవి, నోళ్ళు తెరుచుకుని, జుట్టు చెదిరిపోయి ఉన్న మొహాలు. అది ఆయన అలవాటు, "మెమరీస్" అనేవాడు. లావణ్య ఒక చివర పడుకుంది. ఆమెకి జానెడు దూరంలో ప్రవీణ్ బోర్లా పడి గురక పెడుతున్నాడు. తీయొద్దన్నాను. "అన్నకి దాపరికమేంటి?" అన్నాడు.

సాయంత్రం తిరిగొస్తున్నాం. పొద్దు వాలే వేళ, కంగారూలు రోడ్డెక్కే టైం అని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో చిప్స్ తింటూ, వెనక్కి తిరిగి ఏదో జోకు చెబుతున్నాడు. "అన్నా, ముందు చూడు" అని లావణ్యే అరిచింది. దబ్బుమని శబ్దం వచ్చింది. బండి ఒక పక్కకి కోసుకుపోయి పొలం కంచెలో దూరి ఆగింది. ప్రవీణ్ చెయ్యి మోచేతి కింద వంకరపోయింది. లావణ్య తన స్కార్ఫ్ విప్పి, ఒక పుస్తకం అట్ట పెట్టి ఆ చేతికి కట్టు కట్టింది. అన్న దిగి ముందు బంపర్ చూసుకున్నాడు. తర్వాత రోడ్డు మీద పడి ఉన్న కంగారూని బూటుతో కదిపి, "చచ్చిందిలే" అన్నాడు. ఆ తర్వాత వచ్చి ప్రవీణ్‌ని చూశాడు.

దగ్గర్లోని రైతు ఒకాయన ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చింది, వెనకే పోలీసు కారు. ఒక ఆడ ఆఫీసర్ దిగింది, మా అమ్మ వయసుంటుంది. ప్రవీణ్‌ని అంబులెన్సులోకి ఎక్కించాక, కారు కాగితాల్లో పేరు చూసి లావణ్య ఎవరని అడిగింది. బండి ఎవరు నడిపారని అడిగింది.

లావణ్య నోరు తెరిచేలోపే అన్న ఆమె భుజం మీద చెయ్యేశాడు. "తనేనండీ, పాపం భయపడిపోయింది. ఒక్క నిమిషం ధైర్యం చెప్పనివ్వండి" అని ఇంగ్లీషులో అన్నాడు. పరవాలేదు, నిదానంగా చెప్పమనండి అందామె.

అప్పుడు ఆయన తెలుగులోకి మారాడు. మొహం మీద ఆ చిరునవ్వు చెదరలేదు, గొంతు వెన్నలా ఉంది.

"చెల్లెమ్మా, నువ్వే నడిపానని చెప్పు. కొత్త లైసెన్సు, ఆడపిల్లవి, వార్నింగిచ్చి వదిలేస్తారు. నాది సస్పెన్షన్‌లో ఉంది, నన్ను వదలరు. ఏం? చెప్పలేదనుకో, పొద్దున తీసిన ఫొటో ఉంది చూడు, నువ్వూ ప్రవీణూ పడుకున్నది, అది మీ నాన్నకి పంపాల్సొస్తుంది. ఆయనకి బీపీ ఉందన్నావుగా పాపం."

ఆమె తల నిమిరాడు. ఆఫీసర్ నా వైపు చూసి, అన్నయ్యంటే ఇలా ఉండాలి అన్నట్టు నవ్వింది.

నాకు ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. మనిషి నోట్లోంచి అంత మెత్తగా అంత కుళ్ళు రావడం నేనెప్పుడూ వినలేదు. "ఆఫీసర్..." అని ముందుకెళ్ళాను. లావణ్య నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆగక్కా. నువ్వు చెబితే ఫొటో ఆగదు."

నాకు అర్థమైంది. అబద్ధం చెబితే, మనిషి చెయ్యి విరగ్గొట్టిన డ్రైవర్‌గా పోలీసు రికార్డులోకి ఎక్కుతుంది. నర్సు రిజిస్ట్రేషన్‌కి ఆ రికార్డే అడుగుతారు. వాళ్ళ నాన్న కొట్టు తాకట్టు పెట్టి చదివిస్తున్న చదువు. నిజం చెబితే నరసరావుపేటలో ఆ ఫొటో. ఇరవై రెండేళ్ళ పిల్ల.

ఫోన్ తీసింది. అన్న ఇంకా నవ్వుతూనే, "ఎవరికమ్మా?" అన్నాడు. ఆమె స్పీకర్ ఆన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం.

"ఏందమ్మా ఈ టైంలో చేశావు?" వెనక ఎవరో బస్తాలు దించుతున్న చప్పుడు.

"నాన్నా, నేను గుడికి పోలేదు. ట్రిప్‌కి వచ్చాను. ఆడా మగా ఏడుగురం, రాత్రి ఒకటే గదిలో పడుకున్నాం. నీకు అబద్ధం చెప్పాను." ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఇప్పుడు కారుకి కంగారూ అడ్డమొచ్చి కంచెలోకి పోయింది. ఒకబ్బాయికి చెయ్యి విరిగింది."

అవతల బస్తాల చప్పుడు ఆగిపోయింది. అన్న నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు, చూశావా అన్నట్టు.

"నీకేమన్నా దెబ్బలు తగిలినయ్యా?" అన్నాడాయన.

"లేదు నాన్నా."

"తల తిరగటం, వాంతొచ్చినట్టుండటం, అట్టాంటియ్యేం లేవుగా? నిజం చెప్పు."

"లేవు నాన్నా." అప్పుడు ఏడ్చింది.

అన్న చటుక్కున ఫోన్ మీదికి వంగాడు. "నమస్తే అంకుల్! మీరేం కంగారుపడకండి, నేనున్నానుగా ఇక్కడ. మీ అమ్మాయి నాకు చెల్లెల్లాంటిది" అన్నాడు. అంత తియ్యగా, అంత తేలిగ్గా. అర నిమిషం కిందట అదే నోటితో ఏమన్నాడో విన్నవాళ్ళం ఇంతమందిమి చుట్టూ నిలబడి ఉన్నాం.

"ఎవరమ్మా అది?" అన్నాడు వాళ్ళ నాన్న.

లావణ్య భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టింది, బల్ల మీద అడ్డంగా ఉన్న గిన్నెని జరిపినట్టు.

"బండి నడిపినాయన నాన్నా."

"పోలీసోళ్ళు ఉన్నారా?"

"ఉన్నారు."

"అయితే ఆ మాటే వాళ్ళకి చెప్పు. ఇంటి సంగతులు మనం తర్వాత మాట్లాడుకుందాం. నేను ఫోన్ పెట్టను, లైన్లోనే ఉంటా. చెప్పు."

ఫోన్ అలాగే చేతిలో పట్టుకుని, ముక్కు తుడుచుకుని, లావణ్య ఇంగ్లీషులో చెప్పింది. బండి తన పేరు మీదుంది, నడిపింది ఇతను, ఇప్పుడు తెలుగులో ఇతనన్న మాటలు ఇవీ అని, ఒక్కొక్కటీ చెప్పింది. నిజమేనా అని ఆఫీసర్ మమ్మల్ని అడిగింది. నిజమే అన్నాను నేను. తర్వాత మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే అన్నారు.

ఆఫీసర్ మొహంలో నవ్వు పోయింది. అన్న వైపు తిరిగి పేరు చెప్పమంది.

ఆయన వెంటనే చెప్పలేదు. ముందు నెల్లూరు అబ్బాయి వైపు చూశాడు, తర్వాత అనంతపురం పిల్ల వైపు, తర్వాత నా వైపు. ఎవరో ఒకరు ముందుకొస్తారని నిజంగానే అనుకున్నాడు ఆ మనిషి. మేం ఎవరం కదల్లేదు. ఆఫీసర్ రెండోసారి అడిగింది. అప్పుడు తనే చెప్పుకున్నాడు.